మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత కవర్ ఉందా? ఒక స్కీ ప్రయాణం, మూడు పాలసీలు

"అక్కా, సంక్రాంతి సెలవులకి ఇటలీ వెళ్తున్నాం. వీసా ఇన్సూరెన్స్ ఆన్‌లైన్‌లో తీసేసుకున్నాం. నాన్నగారికి షుగర్ ఉంది కదా, ఆయన పాలసీ ఒక్కసారి చూసిపెడతారా?"

2024 అక్టోబరు చివర్లో కూకట్‌పల్లి నుంచి ఈ ఫోన్ వచ్చింది. ఆ కుటుంబం హెల్త్ పాలసీ మూడేళ్లుగా నేనే చూస్తున్నాను. ట్రావెల్ పాలసీ మాత్రం వాళ్లే కొనుక్కున్నారు. అది తప్పేం కాదు, ఇప్పుడు అందరూ అలాగే కొంటున్నారు. నలుగురు వెళ్తున్నారు. ఆమెకు 38 ఏళ్లు, భర్తకు 41, అబ్బాయికి 14, ఆమె తండ్రికి 67. పెద్దాయనకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, రెండూ మందులతో అదుపులోనే ఉన్నాయి. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న ఆమె తమ్ముడు మధ్యలో కారులో వచ్చి కలుస్తాడు.

పాలసీ పీడీఎఫ్ పంపమన్నాను. పంపుతూ టూర్ ప్లాన్ కూడా జత చేసింది. అందులో వెనిస్ తర్వాత ఐదు రోజులు ఓర్తిసేయి అని ఉంది. అది ఇటలీ ఉత్తరాన, డోలమైట్ కొండల్లో, వాల్ గార్దేనా లోయలో ఉన్న ఊరు. అక్కడికి జనవరిలో వెళ్లేవాళ్లు చర్చిలు చూడ్డానికి వెళ్లరు.

"అక్కడ స్కీయింగ్ చేస్తారా?" అని అడిగాను.

"అవునక్కా, బాబు కోసమే. ఐదు రోజులకి స్కీ స్కూల్ బుక్ చేశాం."

ఆమె అడిగింది షుగర్ గురించి. నా కళ్లు మాత్రం ఆ పీడీఎఫ్‌లో పదకొండో పేజీ మీదకి వెళ్లాయి. మినహాయింపుల జాబితాలో స్కైడైవింగ్, బంగీ జంపింగ్‌ల పక్కనే 'వింటర్ స్పోర్ట్స్' అని రెండు మాటలున్నాయి. అంటే ఐదు రోజుల అసలు ప్రయాణానికి ఆ పాలసీలో కవరే లేదు. వెనిస్‌లో జారిపడి కాలు విరిగితే డబ్బులొస్తాయి, ఓర్తిసేయి మంచు మీద విరిగితే రావు.

ఈ కేసు వివరాలు ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. కంపెనీల పేర్లు రాయను. ఇక్కడ తేడా తెచ్చింది కంపెనీ పేరు కాదు, వర్డింగ్‌లోని, అంటే పాలసీ షరతుల పత్రంలోని మాటలు.

వీసా కాగితం వేరు, కవర్ వేరు

యూరప్‌లో ఇటలీతో సహా చాలా దేశాలకు ఒకటే చెల్లే షెంగెన్ వీసాకి ఇన్సూరెన్స్ తప్పనిసరి. కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి, షెంగెన్ దేశాలన్నింటిలో చెల్లాలి, అక్కడ ఉండే రోజులన్నింటికీ ఉండాలి. అత్యవసర వైద్యం, ఆసుపత్రి ఖర్చులు, అనారోగ్యం వల్ల స్వదేశానికి తరలించే ఖర్చు, మరణం ఇందులోకి రావాలి. వీసా ఆఫీసు చూసేది ఇదే. మీరు అక్కడికి వెళ్లి మంచు మీద జారతారా, మ్యూజియం చూస్తారా అన్నది వాళ్లకు పట్టదు. అందుకే వింటర్ స్పోర్ట్స్ మినహాయించిన పాలసీతో కూడా వీసా హాయిగా వచ్చేస్తుంది. స్టాంపు పడగానే ఇన్సూరెన్స్ పని అయిపోయిందనుకుంటారు. ఈ పొరపాటు నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువగా చూస్తున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన తెలుగు కుటుంబాలు యూరప్ అనగానే స్విట్జర్లాండ్ కొండలు టిట్లిస్, యుంగ్‌ఫ్రావ్ వెళ్లి మంచులో ఫొటోలు దిగి వస్తాయి. దానికి మామూలు పాలసీ చాలు. స్కీలు కాళ్లకు కట్టిన నిమిషం నుంచి లెక్క మారిపోతుంది. మంచు మీద స్లెడ్జ్ (జారుడు బండి) ఎక్కినా మారిపోవచ్చు.

గంటల లెక్క

ఇలాంటి ప్రయాణాలకు నేను ముందు పాలసీలు తీయను. రోజు ఎలా గడుస్తుందో గంటల వారీగా ఒక కాగితం మీద రాసి పంపమంటాను. ఆమె వాట్సాప్‌లో పంపిన కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. నోట్‌బుక్ పేజీ, నీలం ఇంకు.

పది నుంచి ఒంటిగంట దాకా స్కీ స్కూల్, ముగ్గురూ. ఒంటిగంటకి కొండ మీద రెఫ్యూజ్‌లో (కొండ బసలో) భోజనం. రెండు నుంచి మూడున్నర దాకా సొంతంగా ప్రాక్టీస్. సాయంత్రం హోటల్. బుధవారం మధ్యాహ్నం నాన్నగారితో కలిసి ఆల్పే దీ సియూసీ. గురువారం తమ్ముడు వస్తాడు. శుక్రవారం తమ్ముడు, భర్త కలిసి సెల్లారోండా.

సెల్లారోండా అంటే సెల్లా కొండ చుట్టూ లిఫ్టులు మారుతూ స్కీ మీద తిరిగి వచ్చే చక్రం. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఐదో రోజున ఎక్కాల్సింది కాదు. ఆ మాట చెప్పాను. భర్త నవ్వి "చూద్దాం మేడమ్" అన్నారు.

ఆల్పే దీ సియూసీ దగ్గర ఆగాను. యూరప్‌లోకెల్లా పెద్ద ఎత్తైన గడ్డిమైదానం అది. చలికాలంలో మంచు కప్పుకుని ఉంటుంది. గుర్రపు బండ్లు, స్లెడ్జ్ దారులు ఉంటాయి. పెద్దాయనతో ఫోన్‌లో మాట్లాడాను.

"బాబాయ్ గారూ, అక్కడ మీరేం చేస్తారు?"

"నేను స్కీ చేయనమ్మా. కూర్చుని చూస్తాను. మనవడు స్లెడ్జ్ ఎక్కిస్తానన్నాడు, ఒక్కసారి ఎక్కుతా."

ఆ ఒక్కసారి కోసమే అడిగాను. 67 ఏళ్ల మనిషి, చెక్క స్లెడ్జ్, కిందికి వాలు. స్కీ చేయడు కాబట్టి ఆయనకి మామూలు పాలసీ చాలని అందరూ అనుకుంటున్నారు. స్లెడ్జ్ కూడా వింటర్ స్పోర్ట్ కిందికే వస్తుంది.

ఆ కాగితం మీద నేను ఎర్ర ఇంకుతో రెండు చోట్ల గుండ్రం చుట్టాను. రెండు నుంచి మూడున్నర, బుధవారం స్లెడ్జ్. శుక్రవారం దగ్గర ప్రశ్న గుర్తు పెట్టాను. ఆ తర్వాతే పాలసీలు తీశాను.

మూడు పాలసీలు

మొదటిది వాళ్లు కొన్నదే. 50,000 డాలర్ల కవర్, వింటర్ స్పోర్ట్స్ మినహాయింపు. దాని గురించి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

రెండోది భర్త స్వయంగా వెతికి తెచ్చారు. 2,50,000 డాలర్లు. యాప్‌లో పెద్ద అక్షరాలతో 'అడ్వెంచర్ స్పోర్ట్స్ చేర్చబడింది' అని ఆకుపచ్చ టిక్కు కూడా ఉంది. ఆయనకి అదే నచ్చింది. "మేడమ్, కవర్ ఎక్కువ, స్కీయింగ్ కూడా ఉంది, ఇంకేం కావాలి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

వర్డింగ్ తెరిచి ఒక వాక్యం ఆయనకి చదివి వినిపించాను. తెలుగులో దాని అర్థం ఇది: శిక్షణ పొందిన నిపుణుడి పర్యవేక్షణలో పాల్గొన్నప్పుడు మాత్రమే. ఆమె రాసిన కాగితాన్ని ఆ వాక్యం పక్కన పెట్టి చూడమన్నాను. పది నుంచి ఒంటిగంట దాకా టీచర్ ఉంటాడు, కవర్ ఉంటుంది. రెండు గంటలకి ముగ్గురూ సొంతంగా బయల్దేరతారు, అప్పుడు నిపుణుడు లేడు. పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నం ఒంటరిగా చేసి చూసేటప్పుడే కొత్తవాళ్లు పడతారు. కాళ్లు అలసిపోయి ఉంటాయి, పొద్దున చక్కగా ఉన్న మంచు మధ్యాహ్నానికి గుట్టలు గుట్టలుగా అయిపోతుంది. సరిగ్గా ఆ గంటల్లోనే ఈ పాలసీ పక్కకి తప్పుకుంటుంది.

ఇంకో రెండు విషయాలు కూడా కనబడ్డాయి. అడ్వెంచర్ స్పోర్ట్స్‌కి విడిగా 10,000 డాలర్ల పరిమితి ఉంది. అంటే పైన కనబడే రెండున్నర లక్షలు స్కీ ప్రమాదానికి వర్తించవు. ఒప్పుకున్న ఆటల పేర్లలో స్లెడ్జ్ లేదు.

"అంటే టిక్కు అబద్ధమా?" అని అడిగారాయన. అబద్ధం కాదు. టిక్కు సగం మాటే చెప్పింది, మిగతా సగం వర్డింగ్‌లో ఉంది.

మూడో పాలసీలో కవర్ 1,00,000 డాలర్లు. వింటర్ స్పోర్ట్స్‌ని అదనపు ప్రీమియంతో చేర్చుకోవాలి. వర్డింగ్ ప్రకారం సరదాగా చేసే స్కీయింగ్, స్నోబోర్డింగ్, స్లెడ్జ్ వస్తాయి. గుర్తు పెట్టిన పిస్ట్ మీదే ఉండాలి. టీచర్ ఉండాలన్న షరతు లేదు. పోటీలు, స్కీ జంపింగ్, పిస్ట్ బయట చేసే స్కీయింగ్ మినహాయింపు. కొండ మీద నుంచి కిందికి దించే ఖర్చు, ఆసుపత్రికి తరలించే ఖర్చు వైద్య కవర్‌లోనే భాగం. మద్యం తాగి ఉంటే ఏమీ రాదు. ఆ షరతు మూడింటిలోనూ ఉంది.

పిస్ట్ అంటే రిసార్ట్ వాళ్లు గుర్తులు పాతి, రాత్రిపూట మిషన్లతో మంచు చదును చేసి, గస్తీ (పెట్రోల్) మనుషుల్ని పెట్టి చూసుకునే దారి. యూరప్‌లో నీలం తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. రెండు పిస్ట్‌ల మధ్య ఉన్న అడవి మంచు అందంగా కనబడుతుంది, కానీ అది పిస్ట్ కాదు. గుర్తు కర్ర దాటి పది అడుగులు వేసినా క్లెయిమ్ చేసేటప్పుడు అది పిస్ట్ బయటే అవుతుంది.

రెండున్నర లక్షలు వదిలి లక్ష డాలర్ల పాలసీ ఎందుకన్నావని మా ఆఫీసులో కూడా అడిగారు. యూరప్‌లో లక్ష డాలర్లంటే తక్కువేం కాదు. వీసా అడిగే 30,000 యూరోలతో పెద్ద ఆపరేషన్, హెలికాప్టర్, డాక్టర్ తోడుగా తిరుగు ప్రయాణం అన్నీ కలిస్తే ఇబ్బందే, లక్షతో అంత భయం లేదు. అమెరికా అయితే నా లెక్క వేరేగా ఉండేది. నా దృష్టిలో ఇక్కడ ముఖ్యం ఎంత ఇస్తారన్నది కాదు, ఏ గంటలో ఇస్తారన్నది.

కొనే ముందు ఆ కంపెనీకి మూడు ప్రశ్నలతో ఈమెయిల్ పెట్టాను. టీచర్ లేకుండా నీలం పిస్ట్ మీద ప్రాక్టీస్ చేస్తుంటే కవర్ ఉందా? 67 ఏళ్ల వ్యక్తి నిర్ణీత దారిలో స్లెడ్జ్ ఎక్కితే కవర్ ఉందా? పిస్ట్ పెట్రోల్ వాళ్లు స్లెడ్జ్ మీద కిందికి దించినందుకు వేసే బిల్లు వస్తుందా? నాలుగు పనిదినాల తర్వాత మూడింటికీ అవునని రాతపూర్వకంగా జవాబు వచ్చింది. కాల్ సెంటర్‌లో ఎవరో 'ఉంది మేడమ్' అనడం వేరు, ఇది వేరు. ఆ మెయిల్ ప్రింట్ తీసి వాళ్ల పాస్‌పోర్ట్ కవర్‌లో పెట్టించాను.

పెద్దాయన దగ్గర కొంత పేచీ పడింది. అరవై దాటినవాళ్లకి చాలా ట్రావెల్ పాలసీల్లో గది అద్దె, సర్జన్ ఫీజు, ఐసీయూ ఒక్కోదానికీ సబ్ లిమిట్లు, అంటే విడి పరిమితులు ఉంటాయి. మూడో పాలసీలో సబ్ లిమిట్ లేని ప్లాన్ కాస్త ఎక్కువ ప్రీమియంతో ఉంది, అదే తీసుకున్నాం. షుగర్, బీపీ ప్రపోజల్‌లో పూర్తిగా రాయించాను, మందుల పేర్లతో సహా. పాత జబ్బు వల్ల ప్రాణాపాయం వస్తే కవర్ ఉంటుంది, ఊరికే చెకప్‌కి ఉండదు. ఆయన ఒప్పుకున్నారు.

నలుగురికీ వింటర్ స్పోర్ట్స్ చేర్చినందుకు పడ్డ అదనపు ప్రీమియం ఒక మనిషికి అక్కడి ఒక రోజు లిఫ్ట్ పాస్ ధర కూడా కాలేదు. ఆ కొండల్లో సీజన్‌లో రోజు పాస్ 80 యూరోల పైనే ఉంటుంది.

పాత పాలసీని వెంటనే రద్దు చేయొద్దన్నాను. వీసా దరఖాస్తులో దాని నంబరే ఉంది. ముందు కొత్తది కొని, వీసా స్టాంపు పడ్డాక పాతది రద్దు చేయించాం. కొంత కోసుకుని మిగతా డబ్బు వెనక్కి ఇచ్చారు.

ఎదుటివాడికి దెబ్బ తగిలితే

ఇది ఇటలీకి ప్రత్యేకం. 2022 జనవరి 1 నుంచి అక్కడ ఆల్పైన్ పిస్ట్ మీద స్కీ చేసే ప్రతి ఒక్కరికీ ఇతరులకు కలిగించే నష్టానికి బాధ్యత బీమా ఉండాలన్నది చట్టం. లేకపోతే 100 నుంచి 150 యూరోల జరిమానా, స్కీ పాస్ కూడా తీసేసుకోవచ్చు. 14 ఏళ్ల అబ్బాయి బ్రేక్ వేయలేక ఎవరినో గుద్దితే వాళ్ల ఆసుపత్రి ఖర్చు మన మీద పడుతుంది. ఆ భయంతో పోలిస్తే జరిమానా చిన్న విషయం.

మన ట్రావెల్ పాలసీల్లో పర్సనల్ లయబిలిటీ అనే భాగం ఉంటుంది. మూడో పాలసీలో కూడా ఉంది, కానీ అది స్కీ మీద జరిగే నష్టానికి వర్తిస్తుందా అంటే వర్డింగ్ స్పష్టంగా చెప్పలేదు. ఒకవేళ వర్తించినా, పిస్ట్ మీద పోలీసు అడిగితే ఇంగ్లీషులో ఉన్న నలభై పేజీల పాలసీ తీసి ఏ పేజీ చూపిస్తాం? అక్కడి చట్టమే దీనికి దారి చూపింది. స్కీ పాస్ అమ్మేవాళ్లు ఈ బాధ్యత బీమాను కూడా కౌంటర్ దగ్గర అమ్మాలి. రోజుకు కొద్ది యూరోలే. ముగ్గురికీ అక్కడే తీసుకోమన్నాను, తీసుకున్నారు.

తమ్ముడి సంగతి వేరు. జర్మనీలో ఉండేవాళ్లలో చాలామందికి హాఫ్ట్‌ఫ్లిష్ట్ అనే వ్యక్తిగత బాధ్యత బీమా ఉంటుంది. అతనికీ ఉంది. అది స్కీకి, ఇటలీకి వర్తిస్తుందని అతని కంపెనీ నుంచి ఒక ధ్రువీకరణ కాగితం తెప్పించుకోమన్నాను. వైద్యానికి అతని జర్మన్ హెల్త్ కార్డు ఇటలీ ప్రభుత్వ ఆసుపత్రిలో పనికొస్తుంది, కానీ కొండ మీద నుంచి దించడానికి, మ్యూనిక్ చేర్చడానికి పనికిరాదు. ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లు కూడా యూరప్ ఆసుపత్రుల్లో పనికొచ్చే జీహెచ్‌ఐసీ అనే హెల్త్ కార్డు చేతిలో ఉంటే చాలనుకుంటారు. అది కూడా కొండల్లో రక్షణ ఖర్చు ఇవ్వదు, ఇంటికి చేర్చే ఖర్చు ఇవ్వదు. ఆస్ట్రియాలో స్కీ ప్రమాదాల హెలికాప్టర్ బిల్లు వేల యూరోల్లో నేరుగా దెబ్బతిన్నవాళ్లకే వస్తుంది.

శుక్రవారం బావాబావమరుదులిద్దరం కాస్త పక్కగా, పిస్ట్ బయట కూడా తిరుగుదామని తమ్ముడు బావకి చెప్పాడట. అది నాకు ఆమె చెప్పింది. ఇద్దరితో కాన్ఫరెన్స్ కాల్‌లో మాట్లాడాను. కవర్ లేదన్నది ఒక్కటే కాదు, హిమపాతం ప్రమాదం ఉన్నచోట పిస్ట్ బయటికి వెళ్తే సిగ్నల్ ఇచ్చే పరికరం, పార, మంచులో గుచ్చి వెతికే కర్ర వెంట ఉండాలని ఇటలీ చట్టమే చెబుతోంది. అవి ఎలా వాడాలో తెలియని మనిషిని తీసుకెళ్లకూడదు. తమ్ముడు ఒప్పుకున్నాడు.

స్కీ సామాను కవర్ జోలికి నేను వెళ్లలేదు. వాళ్లు అన్నీ అద్దెకు తీసుకుంటున్నారు, అద్దె షాపులోనే విరిగినా పోయినా ఇబ్బంది లేకుండా కొద్దిగా ఎక్కువ కడితే సరిపోతుంది.

జనవరి 14

సంక్రాంతి రోజు సాయంత్రం ఏడున్నరకి ఫోన్ మోగింది. అక్కడ మధ్యాహ్నం మూడు.

స్కీ స్కూల్ రెండో రోజు. భోజనం తర్వాత ముగ్గురూ పొద్దున చేసిన నీలం పిస్ట్ మీదే ప్రాక్టీస్ చేస్తున్నారు. రెండూ నలభై ప్రాంతంలో మలుపు తిప్పుతుంటే ఆమె ఎడమ స్కీ మంచు గుట్టలో ఇరుక్కుంది, శరీరం తిరిగింది, స్కీ ఊడలేదు. మోకాల్లో టప్‌మని చప్పుడు తనకే వినిపించిందని చెప్పింది. నొప్పి కంటే ఆ చప్పుడుకే భయపడిందట. భర్త స్కీలు తీసి పైవైపు మంచులో అడ్డంగా గుచ్చారు, వెనకాల వచ్చేవాళ్లకి కనబడేలా. టీచర్ పొద్దున నేర్పించిన మొదటి విషయం అదే. పెట్రోల్ మనుషులు పడవలాంటి స్లెడ్జ్ తెచ్చి ఆమెను చుట్టి కిందికి దించారు. ఊళ్లోని క్లినిక్‌లో ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదు. మర్నాడు ఎంఆర్‌ఐలో ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగిందని తేలింది. స్కీ చేసేవాళ్లకి బాగా తెలిసిన దెబ్బ ఇదే.

ఆ రోజు ఫోన్‌లో ఆయన అడిగిన మొదటి మాట: "మేడమ్, టీచర్ లేడు, ఫర్వాలేదు కదా?" ఫర్వాలేదని చెప్పగలిగాను. రెండో పాలసీ తీసుకుని ఉంటే ఆ జవాబు చెప్పలేకపోయేదాన్ని.

క్లినిక్ వాళ్లు వెంటనే డబ్బు కట్టమన్నారు. కట్టే ముందు పాలసీ మీదున్న అసిస్టెన్స్ నంబర్‌కి ఫోన్ చేసి కేస్ నంబరు తీసుకోమన్నాను, పది నిమిషాల్లో వచ్చింది. చిన్న క్లినిక్‌లో క్యాష్‌లెస్ కుదరదన్నారు, కార్డుతో కట్టారు. ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ, బ్రేస్, కర్రలు, మందులు, స్లెడ్జ్ సర్వీసు అన్నీ కలిపి 1,400 యూరోలు దాటింది.

తిరుగు ప్రయాణం దగ్గర కొంత టెన్షన్ పడ్డాం. కాలు చాచి పెట్టాలి, లేకపోతే రక్తం గడ్డ కట్టే ప్రమాదం. డాక్టర్ ఆ మాట రాసిచ్చి, రక్తం పలుచబడే ఇంజెక్షన్లు కూడా రాశాడు. అసిస్టెన్స్ డాక్టర్ ఆ ఉత్తరం చూసి కాలు చాచుకునే సీటుకు ఒప్పుకోవడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఆమె ఒక్కదానికే ఒప్పుకున్నారు, పక్కన భర్త సీటుకి తేడా వాళ్లే కట్టుకున్నారు. మిగిలిన మూడు రోజుల స్కీ స్కూల్, లిఫ్ట్ పాస్ డబ్బు పోయింది. ఆ కవర్ మేం తీసుకోలేదు.

పెద్దాయన స్లెడ్జ్ ఎక్కలేదు. కూతురి పక్కనే కూర్చున్నారు.

కాగితాలు

ఇక్కడ నా వైపు ఒక లోపం జరిగింది. క్లినిక్ రిపోర్టులు ఇటాలియన్‌లో, జర్మన్‌లో వచ్చాయి. ఆ ప్రాంతంలో రెండూ అధికార భాషలే. అక్కడే ఇంగ్లీషులో ఒక పేజీ సారాంశం రాయించుకోమని ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. కంపెనీ అనువాదం అడిగింది. దానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు నా జాబితాలో అది రెండో వరసలోనే ఉంది.

ఒరిజినల్ బిల్లులు ట్రావెల్ కంపెనీకి పంపే ముందు ప్రతి కాగితం రంగుల్లో స్కాన్ చేయించాను. ఎందుకో కింద చెబుతాను. బోర్డింగ్ పాస్‌లు, పాస్‌పోర్ట్‌లో ఇటలీలో దిగిన, బయల్దేరిన స్టాంపుల పేజీలు పంపాం. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో స్టాంపు స్థానంలో కంప్యూటర్ నమోదు మొదలైంది, కాబట్టి ఇకమీదట వెళ్లేవాళ్లు బోర్డింగ్ పాస్‌లు పారేయొద్దు. హెల్మెట్ గురించి కూడా అడిగారు. ఆమె పెట్టుకునే ఉంది. అప్పటికి ఇటలీలో 18 ఏళ్ల లోపు వాళ్లకే తప్పనిసరి, 2025 నవంబరు 1 నుంచి అందరికీ తప్పనిసరి చేశారు.

ఏప్రిల్‌లో డబ్బు వచ్చింది. 100 డాలర్ల డిడక్టిబుల్ (మన వంతుగా భరించాల్సిన మొత్తం) పోయింది. స్లెడ్జ్ సర్వీసు బిల్లు 'వైద్య ఖర్చు కాదు' అని మొదట కొట్టేశారు. నవంబరులో వచ్చిన ఆ మెయిల్ ప్రింట్ పంపాను, మూడో ప్రశ్నకి వాళ్లు రాసిన జవాబు కింద గీత గీసి. వారంలో ఇచ్చారు.

హైదరాబాద్‌లో ఆపరేషన్

వాపు తగ్గాక ఫిబ్రవరి చివర్లో ఆమెకు ఏసీఎల్ ఆపరేషన్ చేశారు. ఇది ట్రావెల్ పాలసీ కిందికి రాదు, దేశం తిరిగి వచ్చాక అయ్యే ఖర్చు చాలా ట్రావెల్ పాలసీలు ఇవ్వవు. కుటుంబమంతటికీ కలిపి ఉన్న హెల్త్ పాలసీ (ఫ్యామిలీ ఫ్లోటర్) మీద క్యాష్‌లెస్ పెట్టాం. రెండు గంటల్లో ప్రశ్న వచ్చింది: స్కీయింగ్ ప్రమాదకర క్రీడ కదా, మినహాయింపు ఎందుకు వర్తించదు?

ఇక్కడ ప్రతి పాలసీదారుకీ తెలియాల్సిన విషయం ఒకటుంది. హెల్త్ పాలసీల్లో కొన్ని మినహాయింపులకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకే మాటలు ఇచ్చింది, కంపెనీలన్నీ అవే వాడాలి. ప్రమాదకర, సాహస క్రీడల మినహాయింపు తొమ్మిదో నంబరు. అందులో కీలకమైన మాట 'ప్రొఫెషనల్‌గా'. ఆ ఆటను వృత్తిగా ఆడేవాళ్లకి మాత్రమే మినహాయింపు. సెలవులకి వెళ్లి రెండో రోజు నేర్చుకుంటున్న గృహిణికి అది వర్తించదు. అదే ట్రావెల్ పాలసీలో ఈ మాట లేకుండా ఆటనే మొత్తంగా తీసేయవచ్చు. ఒకే ఆట, ఒకే దెబ్బ, రెండు పాలసీల్లో రెండు నియమాలు.

రెండో ప్రశ్న కూడా వచ్చింది. కీళ్ల, లిగమెంట్ ఆపరేషన్లు రెండేళ్ల నిరీక్షణ జాబితాలో ఉన్నాయి కదా అని. పాలసీకి మూడేళ్లు నిండాయి, ఆ ప్రశ్నే అవసరం లేదు. నిండకపోయినా ప్రమాదం వల్ల వచ్చినదానికి ఆ నిరీక్షణ వర్తించదు. ప్రమాదమే అనడానికి సాక్ష్యం ఏది? పిస్ట్ పెట్రోల్ రిపోర్టు, జనవరి 14 ఎక్స్‌రే, 15 ఎంఆర్‌ఐ. అందుకే స్కాన్ చేయించి పెట్టాను. ఆ రోజు సాయంత్రం ఆరింటికి అనుమతి వచ్చింది, మర్నాడు పొద్దున ఆపరేషన్.

ఇప్పుడు ఆమె మెట్లు దిగుతోంది, వ్యాయామం చేస్తోంది. ఈ చలికాలానికి తండ్రీ కొడుకులు గుల్మార్గ్ వెళ్దామనుకుంటున్నారు. ఆమె ఇంట్లోనే ఉంటానంది, కానీ గంటల కాగితం మాత్రం ఆమే రాసి పంపింది. పది నుంచి పన్నెండు గొండోలా (రోప్‌వే) మొదటి దశ ఆగే కొంగ్‌దూరి దగ్గర టీచర్‌తో, రెండు నుంచి నాలుగు గొండోలా రెండో దశలో అఫర్వత్ కొండ మీద నుంచి గైడ్‌తో. అఫర్వత్ దగ్గర దిగితే దాదాపు 3,950 మీటర్ల ఎత్తు. అక్కడ స్కీయింగ్ అంటే చాలావరకు పిస్ట్ లేని వాలే. 2023 ఫిబ్రవరి 1న అక్కడ హిమపాతంలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. రెండో వరస మీద ఎర్ర గుండ్రం చుట్టి, గైడ్ తోడున్నా పిస్ట్ బయట కవర్ ఉందా అని రెండు కంపెనీలకు మెయిల్ పెట్టాను. రాతపూర్వకంగా జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా టికెట్లు బుక్ చేయొద్దని ఆయనతో చెప్పాను.